శనివారం పప్పీకి వేసిన మాత్ర

కొత్తగా ఉద్యోగంలో చేరిన పశువైద్యులు అప్పుడప్పుడూ తిరుపతిలో మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగుతూ, "సార్, మీ సర్వీసులో కష్టమైన కేసు ఒకటి చెప్పండి" అంటారు. నేను ఎప్పుడూ ఒకటే చెబుతాను. కడుపులో అడ్డం తిరిగిన దూడను సరిచేసి బయటికి లాగిన కథ అది. అందులో దూడ బతుకుతుంది, ఆవు బతుకుతుంది, చివర్లో రైతు నాకు దండం పెడతాడు. మొదట్లో మోచేతి దాకా పెట్టిన చెయ్యి, చెప్పగా చెప్పగా ఇప్పుడు భుజం దాకా పోయింది.

ఈసారి అది చెప్పను. ముప్పై ఏళ్ళకు పైగా పశువుల ఆసుపత్రుల్లో పనిచేసి నేను ఎవరికీ చెప్పని కేసు ఒకటుంది. చివరికి మా ఆవిడకు కూడా మొన్నటిదాకా చెప్పలేదు. అది ఒక ముసలి కుక్క కేసు. నిజానికి కుక్క కేసు కూడా కాదని చదివాక మీకే అర్థమవుతుంది.

వంట డాక్టరు

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఐరాల వైపు ఒక పెద్ద డాక్టరు దగ్గర పనిచేశాను. ముక్కుపొడి పీల్చే మనిషి. చొక్కా జేబు ఎప్పుడూ గోధుమరంగు మరకలతో ఉండేది. ఒకరోజు ఒక రైతు ఇంట్లో ఎద్దు కడుపు ఉబ్బి, పళ్ళు నూరుతూ పడుకుంది. నేను కాలేజీలో చదివిన జబ్బుల పేర్లన్నీ వరసగా వల్లిస్తూ సూదిలోకి మందు ఎక్కిస్తున్నాను. ఆయన వంగి ఎద్దు నోటి దగ్గర వాసన చూసి, లేచి ఆ ఇంటామెను అడిగాడు.

"ఇంట్లో ఏం శుభకార్యమమ్మా?"

"పాప పెద్దమనిషయింది సామీ. నిన్న పంక్తి భోజనాలు పెడితిమి."

"మిగిలిన అన్నం యాడేసినారు?"

ఆమె తొట్టివైపు చూసింది. గంపెడు అన్నం ఎద్దు కడుపులో పులిసి కూర్చుంది. దారిలో మోటారు సైకిలు మీద వెనక్కి తిరిగి నాతో అన్నాడు. "మొదట ఇంట్లో ఏం వండినారో అడగప్పా. జబ్బు పేరు దాని తరవాత సెప్పుదువుగానీ."

నేను ఆయన వెనకాల నవ్వుకున్నాను. తోటివాళ్ళ దగ్గర ఆయనకు 'వంట డాక్టరు' అని పేరు కూడా పెట్టాను. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ పేరు పెట్టింది నేనేనని ఆయనకు తెలుసని నా అనుమానం.

ముసలితనం అని చెప్పి పంపించాను

రిటైరు కావడానికి ఏడాది ముందు నేను పట్నంలో ఒక పశువుల ఆసుపత్రిలో ఉన్నాను. ఐరాల మండలంలోని ఒక పల్లె నుంచి మునెమ్మ, సుబ్రమణ్యం అని మొగుడూ పెళ్ళాలు పప్పీని తీసుకొచ్చారు. చెరుకు తోట, బెల్లం గానుగ ఉన్న రైతులు. ఇద్దరికీ యాభై దాటి ఉంటాయి. పప్పీ తెల్లటి పామరేనియన్ మగకుక్క. తిరుపతిలో నర్సుగా పనిచేసే వాళ్ళ కూతురు కూనగా ఉన్నప్పుడు తెచ్చి, హాస్టల్లో ఉండనివ్వక వీళ్ళకు అప్పగించి పోయింది. పన్నెండేళ్ళు వచ్చినా దాని పేరు పప్పీనే.

చూస్తే జాలేసేలా ఉంది. రెండు డొక్కల మీదా వెంట్రుకలు ఊడిపోయి, పొట్ట కుండలా వేలాడుతూ, ఊరికే నిలబడి కూడా రొప్పుతోంది.

"ఎంత పెట్టినా ఆకలే సార్. బిందెడు నీళ్ళు తాగతాది. ఇల్లంతా ఉచ్చ పోస్తాది. ఇదివరకు ఇట్లా సేసేది కాదు, శానా బుద్ధిమంతుడు" అంది మునెమ్మ. పిల్లవాడి మీద టీచరుకు చెప్పే ఫిర్యాదులా లేదు, తన బిడ్డ తప్పును కాసుకుంటున్నట్టుంది.

నేను బల్ల మీద దాన్ని సరిగా నొక్కి కూడా చూడలేదు. "ముసలిదైపోయింది. నీళ్ళు తగ్గించి పెట్టండి, ఇల్లు పాడుచెయ్యదు" అని బలానికి మందు రాసి పంపించాను.

ఇది నా మొదటి తప్పు. దీనికి కూడా సిగ్గుపడాలి, కానీ ఇది అందరూ చేసే తప్పే. ముసలితనం జబ్బు కాదు. మనకు తెలియనప్పుడు వాడే మాట అది. పైగా అతిగా నీళ్ళు తాగే జంతువుకు నీళ్ళు తగ్గించమనడం కంటే క్రూరమైన సలహా వైద్యంలో ఇంకొకటి లేదు. అది తాగుతోంది కాబట్టే బతికి ఉంటుంది.

ఇరవై రోజులకు మునెమ్మ మళ్ళీ వచ్చింది. "నావల్ల కాదు సార్. గిన్నెలు తోమే కాడ బండ నాకతా ఉండాది. అది నాకతా నా మొగం సూస్తాది సార్" అని ఏడ్చింది.

అప్పుడు చూశాను. పొట్ట మీద చర్మం పల్చబడి లోపలి నరాలు కనిపిస్తున్నాయి. రక్తపరీక్షలు చేయించాను. అది కుషింగ్స్ జబ్బు. రెండు మూత్రపిండాల పక్కన చిక్కుడు గింజంత గ్రంథులు ఉంటాయి. ఒంటికి కావలసిన ఒక రసాన్ని అవి కొద్దికొద్దిగా ఇస్తూ ఉండాలి. ఈ జబ్బులో అవి ఆపకుండా పోస్తూనే ఉంటాయి. ఆకలి, దాహం, పొట్ట, ఊడిన వెంట్రుకలు అన్నీ దానివల్లే. పూర్తిగా నయం కాదు, కానీ మాత్రతో అదుపులో పెట్టొచ్చు. మాత్ర తక్కువైతే జబ్బు అలాగే ఉంటుంది, ఎక్కువైతే ఆ రసం బొత్తిగా ఆగిపోయి కుక్క కుప్పకూలుతుంది. అందుకే మధ్యమధ్యలో పరీక్ష చేసి మోతాదు సరిచూసుకోవాలి.

ఆ మాత్ర కడుపులో అన్నం ఉంటేనే ఒంటికి పడుతుంది. ఈ సంగతి నాకు తెలుసు. "పొద్దున్నే అన్నంతో వెయ్యండి" అని చెప్పాను కూడా. కానీ మామూలు గొంతుతో చెప్పాను. ఆ తరువాత వేలు చూపించి గట్టిగా చెప్పిన మాట వేరే. "ఒక్క రోజు కూడా తప్పకూడదు. తప్పితే నా దగ్గరికి రావద్దు."

నా ఒక్కపొద్దు

మా ఇంట్లో శనివారం ఒక్కపొద్దు. కొండ కింద పుట్టి పెరిగినవాళ్ళం, మా తాత కాలం నుంచీ ఉన్నదే. పొద్దున కాఫీ తప్ప ఏమీ ముట్టను. మధ్యాహ్నం స్వామికి నైవేద్యం పెట్టాకే భోజనం. ఉద్యోగంలో దీనివల్ల నాకొక సౌకర్యం ఉండేది. మిగతా రోజుల్లో టిఫినూ టీలూ అంటూ మధ్యలో లేవాలి, శనివారం ఆ గొడవ లేదు. అందుకని ఎక్కువసేపు పట్టే పనులన్నీ శనివారానికి పెట్టుకునేవాణ్ణి. పప్పీ పరీక్ష అలాంటిదే. ఒకసారి రక్తం తీసి, ఇంజెక్షన్ ఇచ్చి, గంట ఆగి మళ్ళీ రక్తం తీయాలి.

"శనివారం తీసుకురండి. పొద్దున మాత్ర వేసే తీసుకురండి" అన్నాను.

అది పెరటాసి నెల, వెంకటేశ్వరస్వామికి శనివారాలు చేసే నెల. మన వైపు ఆ నెలలో శనివారాలు ఎట్లా ఉంటాయో బయటివాళ్ళకు చెప్పాలి గానీ మీకు చెప్పక్కర్లేదు. ఇల్లు కడిగి, నామం పెట్టి, ఆకులో అన్నమూ పప్పూ వడలూ వడ్డించి స్వామి ముందు తళిగ వేసి, టెంకాయ కొట్టి గోవిందా అన్నాకే ఇంట్లో ఎవరైనా నోట్లో ముద్ద పెట్టేది. అంతవరకూ వంటింట్లోది ఏదీ ఎవరికీ పెట్టరు. మునెమ్మది మా ఇంటికంటే నిష్ఠ గల ఇల్లు. ఆమె నుదుటి మీద ఆ వారం నామం నేను చూస్తూనే ఉన్నాను. నా కడుపులో ఆకలి కరకరలాడుతూనే ఉంది. బల్ల మీద ఉన్న కుక్క పొద్దున ఏం తిన్నదని మాత్రం అడగలేదు.

ఫలితం వచ్చింది. ఆ రసం ఇంకా చాలా ఎక్కువగా ఉంది, మాత్ర పనిచేయడం లేదు. మోతాదు పెంచాను. రెండు వారాలకు మళ్ళీ శనివారమే పరీక్ష. మళ్ళీ అదే ఫలితం. అప్పుడు నాకు కోపం వచ్చింది. కోపం మునెమ్మ మీద.

హాలు నిండా జనం ఉన్నారు. పిల్లిని తెచ్చిన టీచరమ్మ, మేకలు తెచ్చినవాళ్ళు, నా హస్తవాసి మంచిదని అందరికీ చెప్పే ఒక పాలవ్యాపారి. వాళ్ళందరి ముందూ అన్నాను. "మాత్ర వెయ్యడం లేదు నువ్వు. మరిచిపోతున్నావు, నా దగ్గరికొచ్చి అబద్ధం చెబుతున్నావు. ఇట్లయితే కుక్కను ఎందుకు పెంచుకోవడం?"

"ఆ సామి మీద ఆన సార్. ఒక్క దినం కూడా తప్పలా" అంది.

"ఆనలు ఆసుపత్రిలో పనికిరావు" అన్నాను. పాలవ్యాపారి నవ్వాడు. మోతాదు ఇంకా పెంచి పంపించాను.

అడిగిన ప్రశ్న

ఆ పై శనివారం మధ్యాహ్నం ఆటోలో పప్పీని దుప్పట్లో చుట్టుకొచ్చారు. ఒళ్ళు చల్లబడింది, చిగుళ్ళు పాలిపోయాయి. వాంతులతో ఒంట్లో నీళ్ళన్నీ పోయాయి. అంత నీరసపడిన కుక్కకు గుండె వేగంగా కొట్టుకోవాలి, దీనికి మెల్లగా, ఆగి ఆగి కొట్టుకుంటోంది. అది వినగానే నాకు విషయం తెలిసిపోయింది. మందు ఎక్కువైంది. కానీ నా దగ్గరున్న కాగితాలు మందు చాలడం లేదంటున్నాయి. సెలైను ఎక్కించి, ఇవ్వాల్సిన ఇంజెక్షన్ ఇస్తూ ఏమైందని అడిగాను.

మునెమ్మ దుప్పటి అంచు పట్టుకునే చెప్పింది. "నా తప్పే సార్. రెండు దినాలుగా సరిగా తినలా. ఈ పొద్దు పానం ఆగక, తళిగ వెయ్యకముందే దీనికింత పెరుగన్నం పెడితిని. సామి కంటే ముందు కుక్కకు పెడితిని. మాత్ర ఏసినాక గంటకే పడిపాయ."

"మిగతా శనివారాలు?"

"శనివారం పొద్దున యాడ పెడతాం సార్, పొయ్యే ముట్టించం గదా. మాత్ర తప్పకూడదంటిరి. ఉత్త నీళ్ళతో మింగిస్తా ఉంటిమి."

సెలైను వేగం సరిచేస్తూ లెక్క వేసుకున్నాను. శనివారం ఉత్త కడుపుతో వేసిన మాత్ర ఒంటికి పట్టలేదు. నేను పరీక్ష చేసింది వారంలో ఆ ఒక్క రోజే. అది చూసి మాత్ర పెంచుకుంటూ పోయాను. మిగతా ఆరు రోజులూ అన్నంతో పాటు ఆ పెద్ద మోతాదు కుక్కలోకి పోతూ వచ్చింది. రెండు రోజులుగా అది తినకపోవడమే మొదటి గుర్తు. పెరుగన్నానికీ దీనికీ సంబంధం లేదు. ఆమె అబద్ధం చెప్పలేదు. నేను చెప్పిన రెండు మాటల్లో గట్టిగా చెప్పినదాన్ని పట్టుకుంది, అంతే. నేను కూడా ఆ నిమిషానికి ఏమీ తినకుండానే నిలబడి ఉన్నాను.

"నా తప్పే గదా సార్?" అని అడిగింది మునెమ్మ.

నా నోటి దగ్గరే ఉంది జవాబు. చుట్టూ చూశాను. ఆ రోజూ హాలు నిండా జనమే. టీచరమ్మా, పాలవ్యాపారీ కూడా ఉన్నారు.

"జరిగిందేదో జరిగింది, ఊరుకోమ్మా" అన్నాను.

ఆ మాట వినడానికి ఎంత దయగా ఉందో చూడండి. నేను ఓదార్చాననుకుని టీచరమ్మ తల ఊపింది. మునెమ్మ మాత్రం తన ప్రశ్నకు అవుననే జవాబు తీసుకుని కొంగుతో మొహం తుడుచుకుంది. నా ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో నేను చేసిన పెద్ద తప్పు మోతాదు కాదు. ఈ మాట.

పప్పీ బతికింది. మూడు రోజులు సెలైన్లు పెట్టి, కొన్నాళ్ళు ఆగి, చిన్న మోతాదుతో మళ్ళీ మొదలుపెట్టాను. "శనివారం కూడా ముందు అన్నం, తరువాత మాత్ర" అన్నాను.

"సామి కంటే ముందా సార్?"

"మందుకు తప్పదు" అన్నాను. ఎందుకో చెప్పలేదు. చెబితే మొత్తం చెప్పాలి.

నాలుగు నెలల్లో పొట్ట తగ్గింది, డొక్కల మీద తెల్లటి జుట్టు మళ్ళీ వచ్చింది. ముందూ తరువాతా తీసిన ఫొటోలు కుర్ర డాక్టర్ల మీటింగులో తెర మీద చూపించాను. చప్పట్లు కొట్టారు. ఇది చదివేవాళ్ళలో ఆ రోజు చప్పట్లు కొట్టినవాళ్ళు కూడా ఉండొచ్చు. వాటిని మీరు వెనక్కి తీసుకోవచ్చు.

సుబ్రమణ్యం అడిగిన సాయం

రిటైరయ్యాక ఒకరోజు సుబ్రమణ్యం అడ్రసు కనుక్కుని మా ఇంటికి వచ్చాడు. చేతిలో బెల్లం దిమ్మ. పప్పీ పోయిందని చెప్పాడు.

"మంచి సావు సార్. పొద్దన్న పెరుగన్నం తినింది, గానుగ కాడ ఎండలో పడుకునింది. మళ్ళీ లేయలా. మీవల్ల ఏడాదిన్నర దర్జాగా బతికింది."

నేను బెల్లం లోపల పెట్టమని మా ఆవిడను పిలిచాను. అతను లేవలేదు. చెప్పులు చూసుకుంటూ కూర్చున్నాడు.

"ఒక మాట సార్. మా ఆడమనిషికి మీరే సెప్పాల. ఆ పొద్దు నుంచీ శనివారం మెతుకు ముట్టదు. పప్పీకి పొద్దన్నే పెట్టేది, తళిగేసి మాకందరికీ పెట్టేది, తను మాత్రం మర్నాడు దాకా పచ్చినీళ్ళే. సామి కంటే ముందు కుక్క తినింది గదా, ఆ పాపం కుక్క మీద పడకూడదు, నేను మోస్తా అంటాది. ఇప్పుడు కుక్క కూడా పాయ. అయినా మానలా. పోయిన శనివారం బెల్లం పెనం కాడ కండ్లు తిరిగింది సార్. నేను రెక్క పట్టుకోకపోతే కాగే పాకంలో పడిపోయుండేది."

"డాక్టరుకు చూపించండి" అన్నాను.

"మీరే గదా సార్ డాక్టరు. మీ మాటంటే ఆయమ్మకు గురి. మీరు సెప్తే ఇంటాది."

వస్తానన్నాను. మూడు వారాలు పోలేదు. మోకాలు నొప్పి అన్నాను, ఎండ అన్నాను. మూడో వారం ఆ బెల్లంతో మా ఆవిడ పాయసం చేసింది. గిన్నె ముందు పెట్టుకుని తినలేక, జరిగిందంతా ఆమెకు చెప్పాను. ఆవిడ గిన్నె తీసేసింది. "ఇంకో శనివారం పోనిస్తారా?" అని మాత్రం అడిగింది.

పెట్టిన కుర్చీ

శనివారం మధ్యాహ్నం దాటాక వాళ్ళ పల్లెకు చేరాను. మునెమ్మ వసారాలో మిరపకాయలు తొడిమలు తీస్తోంది. మనిషి సగమైంది. నన్ను చూసి గబుక్కున లేచి కుర్చీ తుడిచి వేసింది. సుబ్రమణ్యం స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు, డాక్టరు వచ్చాడు, ఇక పెళ్ళాం అన్నం తింటుందనే ధైర్యంతో.

నేను మోతాదు, పరీక్ష, ఫలితం అంటూ మొదలుపెట్టాను. ఆమెకు ఏమీ అర్థం కాలేదు. ఆ మాటల వెనక కూడా దాక్కుంటున్నానని నాకే తెలిసి ఆపేశాను.

"తప్పు నాది మునెమ్మా. పప్పీ ఆ పొద్దు పడిపోయింది నేను మాత్ర ఎక్కువేసినందుకు. నువ్వు పెట్టిన పెరుగన్నంతో కాదు. శనివారం దానికి బువ్వ ఉండదని నేను అడగలేదు. నేనూ ఒక్కపొద్దుండేవాణ్ణే, అయినా తోచలేదు. సామికీ దీనికీ ఏ సంబంధమూ లేదు. నీమీద ఏ పాపమూ లేదు."

ఆమె చేతిలోని మిరపకాయ పక్కన పెట్టింది.

"ఇది మీకెప్పుడు తెలిసింది సార్?"

"ఆ పొద్దే."

"నేనడిగినప్పుడా?"

"నువ్వు అడిగేసరికే తెలుసు."

సుబ్రమణ్యం ముందుకొచ్చాడు. "పోనీలే మే, పెద్దాయన ఇంత దూరం వచ్చి..."

"నువ్వుండు" అంది. నావైపు తిరిగింది. కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండుననిపించింది.

"మీరు శనివారం ఇంకా ఒక్కపొద్దే గదా సార్?"

"అవును."

"భోంచేసినారా?"

పల్లెల్లో ఎవరొచ్చినా అడిగే మాటే అది. ఎన్ని వందల ఇళ్ళలో నన్ను అడిగి ఉంటారో.

"తినే వచ్చినానమ్మా."

ఆమె తల ఊపింది. లేచి చేతులు కడుక్కుని లోపలికి పోయింది. గిన్నె మూత తీసిన చప్పుడైంది. ఒక పళ్ళెంలో అన్నం, పప్పు పెట్టుకొచ్చి నాకెదురుగా నేల మీద కూర్చుని తినడం మొదలుపెట్టింది. తలెత్తలేదు. నన్ను మళ్ళీ పలకరించలేదు, మంచినీళ్ళు కావాలా అని కూడా అడగలేదు. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఏ పల్లెలోనూ, ఏ ఇంట్లోనూ నాకు అట్లా జరగలేదు.

ఆమె పళ్ళెం ఖాళీ అయ్యేదాకా ఆ కుర్చీలోనే కూర్చున్నాను.